రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్: అమ్మానాన్నలు, నాలుగేళ్ళ పిల్లతో ఎమరాల్డ్ లేక్ దాకా వెళ్ళగలమా?

ఫ్రిస్కో_మాధవి
జులై రెండో వారంలో డాలస్ నుంచి కొలరాడో వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం. గుంటూరు నుంచి మా అమ్మానాన్న వచ్చారు. నాన్నకి 68, రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. అమ్మకి 62, మోకాళ్ళు కాస్త ఇబ్బంది. బాబుకి 9, పాపకి 4. బేర్ లేక్ దగ్గర మొదలుపెట్టి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ మూడు సరస్సులూ చూసొద్దాం, పోనూ రానూ మూడున్నర మైళ్ళే కదా అంటున్నారు మా ఆయన. వాట్సాప్‌లో అడిగితే ఒకరేమో అది చిన్నపిల్లలు నడిచే దారి అన్నారు, ఇంకొకరు పెద్దవాళ్ళని అసలు ఆ ఎత్తుకి తీసుకెళ్ళొద్దన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది. అమ్మని కారులో కూర్చోబెట్టి మేం పైకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆరుగురం ఒక సరస్సు గట్టున కూర్చుని తినాలి, అంతే నా కోరిక. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి.

అరోరా_శ్రీను
హాయిగా వెళ్ళొచ్చు. కాకపోతే మీవారు మైళ్ళు చూస్తున్నారు, అక్కడ చూడాల్సింది ఎత్తు. బేర్ లేక్ పార్కింగే 9,475 అడుగుల మీద ఉంది. అక్కణ్ణుంచి నింఫ్ అర మైలు, 9,700 అడుగులు. డ్రీమ్ 1.1 మైలు, 9,900. ఎమరాల్డ్ 1.8 మైళ్ళు, 10,100 అడుగుల దగ్గర. అంటే కాళ్ళతో ఎక్కేది 600 పైచిలుకు అడుగులే, కానీ మీరు వచ్చేది వెయ్యి అడుగులు కూడా లేని ఊరి నుంచి.

ఈ దారిలో నాకు నచ్చేది ఒకటుంది. ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడికి దగ్గర్లో ఒక సరస్సు ఉంటుంది. నింఫ్ దగ్గర ఆగిపోయినా ట్రిప్ పూర్తయినట్టే, డ్రీమ్ దగ్గర ఆగినా అంతే. వేరే ట్రెయిళ్ళలో సగంలో వెనక్కి వస్తే చెట్లు తప్ప ఏమీ చూసి ఉండం.

నెల్లూరు_కిరణ్
ఇంత ఆలోచన ఎందుకండీ. మా అమ్మ 60 దాటాక అలిపిరి మెట్లెక్కింది, 3,550 మెట్లు. మన పెద్దవాళ్ళని మనం మరీ తక్కువ అంచనా వేస్తాం. దాంతో పోలిస్తే ఇదెంత.

కర్నూలు_డాక్టరమ్మ
కిరణ్ గారూ, మీ అమ్మగారి ఓపికకి దండం. కానీ పోలిక కుదరదు. తిరుమల కొండ పైన కూడా సుమారు 3,000 అడుగులే, ఆ ఎత్తులో గాలి మనకి అలవాటైన గాలే. ఎమరాల్డ్ లేక్ 10,000 దాటింది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం కంటే దాదాపు 30 శాతం తక్కువ. మెట్లు ఎక్కగలగడం కాళ్ళకీ గుండెకీ సంబంధించిన సంగతి, ఎత్తు పడటం పడకపోవడం వేరే సంగతి. జిమ్‌కి వెళ్ళే ముప్పై ఏళ్ళ కుర్రాడికి తలనొప్పి పట్టుకుంటుంది, పక్కనే అరవై ఏళ్ళావిడ కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తుంది. ఎవరికి పడుతుందో ముందే చెప్పలేం.

మాధవి గారూ, భయపడక్కర్లేదు, ఈ నాలుగు మాటలు మాత్రం పాటించండి. నాన్నగారిని ప్రయాణానికి ముందే ఆయన డాక్టరుతో మాట్లాడించండి. బీపీ కంట్రోల్‌లో ఉంటే సాధారణంగా వెళ్ళమనే అంటారు, కానీ ఆ మాట ఆయన్ని చూసే డాక్టరు చెప్పాలి, నేను కాదు. మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. విమానం దిగిన రోజే కొండెక్కొద్దు. ఒక రాత్రి డెన్వర్‌లో, ఇంకో రాత్రి ఎస్టెస్ పార్కులో (పేరులో పార్కు ఉన్నా అది నేషనల్ పార్కు పక్కనున్న ఊరు) పడుకుని మూడో రోజు పొద్దున వెళ్ళండి. డెన్వర్ 5,280 అడుగులు, ఎస్టెస్ పార్కు 7,500 పైన, ఒంటికి మెల్లగా అలవాటవుతుంది. నీళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా తాగించాలి. మన అమ్మలు బయటికెళ్తే బాత్రూమ్ ఎక్కడుంటుందో అని నీళ్ళు తాగడం మానేస్తారు, అది ఈ ఎత్తులో అస్సలు పనికిరాదు.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, తల తిరగడం, ఇందులో ఏది మొదలైనా అక్కడితో ఎక్కడం ఆపేసి కిందికి దిగిపోండి. ఇంకాస్త దూరమే కదా అని బతిమాలొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి అన్నా, మాటల్లో తేడా వచ్చినా, నడక తూలినా ఇక ఆలోచించకుండా వెంటనే సాయం పిలవాలి.

నెల్లూరు_కిరణ్
ఒప్పుకుంటున్నా మేడమ్. ఎత్తు సంగతి నాకు తట్టలేదు.

ప్లేనో_పవన్
ఎస్టెస్ పార్కు షాపుల్లో డబ్బాల్లో ఆక్సిజన్ అమ్ముతారు కదా, రెండు కొని సంచిలో పడేసుకుంటే సరిపోదా?

కర్నూలు_డాక్టరమ్మ
ఆ డబ్బా కాసేపు ఊరటనిస్తుంది, అంతే. నాలుగు పీల్పులు పీల్చాక ఒళ్ళు మళ్ళీ అదే గాలిలో ఉంటుంది. అది చేతిలో ఉందన్న ధైర్యంతో ఇంకా పైకెళ్ళడమే ప్రమాదం. కిందికి దిగడమే దీనికి మందు.

బౌల్డర్_బాబాయ్
ఎత్తు సంగతి డాక్టరమ్మ గారు చెప్పేశారు కాబట్టి నేను మిగతావి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు టికెట్టు. ఈ మధ్య సంవత్సరాల్లో మే చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా పార్కులోకి వెళ్ళాలంటే టైమ్డ్ ఎంట్రీ, అంటే ఏ టైమ్‌కి లోపలికి వెళ్తారో ముందే బుక్ చేసుకున్న టికెట్టు, ఉండాలి. అందులో రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డు కలిసి ఉన్నదే మీకు కావాలి, అది లేకుండా పొద్దున 5 నుంచి సాయంత్రం 6 మధ్య ఆ రోడ్డు మీదికి వదలరు. రెండోది కొనుక్కుని బేర్ లేక్ రోడ్డు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళు చాలామంది. రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఒకటో తారీఖు పొద్దున 8కి మరుసటి నెలవి వదులుతారు, బుకింగ్ ఫీజు 2 డాలర్లు, పార్కు ఎంట్రీ ఫీజు దానికి వేరు. అవి దొరక్కపోతే ముందురోజు సాయంత్రం 7కి కొన్ని వదులుతారు. టైమ్‌లన్నీ కొలరాడో టైమ్, మీ డాలస్ కంటే గంట వెనక, అది గుర్తుపెట్టుకోండి. దొరికిన టికెట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లోపల సిగ్నల్ నమ్ముకునేలా ఉండదు.

బేర్ లేక్ పార్కింగ్ ఎండాకాలంలో పొద్దున్నే నిండిపోతుంది. నిండితే కింద పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి ఉచిత షటిల్ బస్సు ఎక్కడమే. పెద్దవాళ్ళతో కూడా బస్సు ఇబ్బందేం ఉండదు, పైకి వెళ్ళాక పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టే కంటే నయం. బాత్రూమ్ పని బేర్ లేక్ దగ్గరే ముగించుకుని కదలండి.

ఇక దారి. బేర్ లేక్ నుంచి నింఫ్ దాకా చెట్ల నీడలో మెల్లగా ఎక్కుతుంది, అమ్మగారు నాలుగుచోట్ల ఆగినా అరగంట ముప్పావుగంటలో చేరతారు. జులైలో నింఫ్ లేక్ నిండా కలువ ఆకులు, వాటి మధ్య పసుప్పచ్చ పూలు. మన చెరువుల్లో తామరలా పూర్తిగా విచ్చుకోవు, దోసిలి ముడిచినట్టు గుండ్రంగా నిలబడి ఉంటాయి. కూర్చోడానికి గట్టున దుంగలు, బండలు ఉన్నాయి. అక్కణ్ణుంచి దారి సరస్సు చుట్టూ తిరిగి పైకి లేస్తుంది, రాతి మెట్లు వస్తాయి. మోకాళ్ళకి పని పడేది ఇక్కడే. ఆ మలుపులో ఒకసారి ఆగి వెనక్కి చూడండి, కింద నింఫ్, ఎదురుగా 14,259 అడుగుల లాంగ్స్ పీక్ కనిపిస్తాయి. తర్వాత దారి కాస్త చదునుగా అయి వాగు దాటిస్తుంది, డ్రీమ్ లేక్ వచ్చేస్తుంది.

నన్నడిగితే మూడిట్లో డ్రీమ్ అందం. పొడుగ్గా, సన్నగా ఉంటుంది, చివర్న హాలెట్ పీక్ నిటారుగా లేచి ఉంటుంది. గాలి లేని పొద్దున ఆ కొండ మొత్తం నీళ్ళలో కనిపిస్తుంది. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే గట్టు పక్కన ఈదే ట్రౌట్ చేపలని పాప వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. మీ ఆరుగురి భోజనం ఇక్కడే పెట్టుకోండి.

డ్రీమ్ నుంచి ఎమరాల్డ్ 0.7 మైలు, కానీ రాళ్ళు ఎక్కువ, మెట్లు ఎక్కువ. నాన్నగారు బానే ఉన్నా అమ్మగారి మోకాళ్ళకి దిగేటప్పుడు తెలుస్తుంది. అక్కడ నిర్ణయం వాళ్ళకే వదిలేయండి.

ఫ్రిస్కో_మాధవి
బాబాయ్ గారూ, ఇదంతా ప్రింట్ తీసి కారులో పెట్టుకుంటా. మావారికి చూపిస్తే ఆయన అడిగిందొకటే: డ్రీమ్ దాకా అందరం, అక్కణ్ణుంచి ఆయనా బాబూ ఎమరాల్డ్ చూసి రావచ్చా, మేం నలుగురం డ్రీమ్ దగ్గర ఆగుతాం అని.

వరంగల్_వాణి
వద్దు అక్కా. కలిసి వెళ్ళినప్పుడు కలిసే ఉండాలి. మేం మా అత్తమ్మ, మామయ్యతో వెళ్ళినప్పుడు ఎమరాల్డ్ ఊసే ఎత్తలేదు. మొదటి రోజు స్ప్రాగ్ లేక్, చుట్టూ చదును దారి, మైలు కూడా ఉండదు, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. స్ట్రాలర్ తోసుకుంటూ తిరిగాం. 8,700 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి ఎత్తు ఎలా ఉందో అక్కడ కొంత తెలుస్తుంది. మర్నాడు బేర్ లేక్ చుట్టూ ఒక రౌండు, ఆ తర్వాత నింఫ్. మా అత్తమ్మ పట్టుచీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని నడిచింది, ఎదురొచ్చిన వాళ్ళంతా ఆగి ఫొటో అడిగారు. నింఫ్ దగ్గర ఆమె కలువల్ని చూసుకుంటూ ఎంతసేపు కూర్చుందో. ఆ రోజు గురించి ఇప్పటికీ ఫోన్లో చెప్తుంది. ఇంకో మైలు నడిపిస్తే ఆ కూర్చోవడం ఉండేది కాదు.

అరోరా_శ్రీను
వాణి గారి స్ప్రాగ్ సలహా బంగారం. కానీ విడిపోవద్దన్న దానికి ఒప్పుకోను. తొమ్మిదేళ్ళ పిల్లాడు డ్రీమ్ దాకా వచ్చి పైన ఇంకో సరస్సుంది, మనం వెళ్ళట్లేదు అంటే వాడి మొహం చూడలేం. ఎమరాల్డ్ దగ్గర కొండలు మూడు వైపులా ముంచుకొచ్చినట్టు ఉంటాయి, హాలెట్ పీక్ 12,713 అడుగులు, దాని గోడ కిందే నిలబడతాం, జులైలో కూడా పైన మంచు పట్టీలు ఉంటాయి. అది వాడికి గుర్తుండిపోతుంది.

వరంగల్_వాణి
వాడికి గుర్తుంటుంది, నిజమే. మరి కింద నాలుగేళ్ళ పాపని, ఇద్దరు పెద్దవాళ్ళని ఒక్కతే చూసుకుంటూ కూర్చునే మాధవి అక్క సంగతి? ఆమె ఎమరాల్డ్ ఎప్పుడు చూస్తుంది?

బౌల్డర్_బాబాయ్
వాణమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. అందరూ బాగుంటే వంతులు వేసుకోండి, మొదట ఆయనా బాబూ, వాళ్ళు వచ్చాక మీరు. కానీ మూడు నియమాలు. ఫోన్ కలవదు కాబట్టి వెనక్కి వచ్చే టైమ్ ముందే అనుకోవాలి. డ్రీమ్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ చోటు నుంచి కదలకూడదు. అమ్మానాన్నల్లో ఎవరికైనా తల నొప్పిగా ఉందంటే ఎవరూ పైకి వెళ్ళకుండా ఆరుగురూ కలిసి దిగిపోవాలి.

కోపెల్_సురేష్
అందరూ పొద్దున్నే అంటున్నారు, మధ్యాహ్నం టికెట్లు సులువుగా దొరుకుతాయి, జనం కూడా తగ్గుతారు. రెండింటికి మొదలుపెడితే ఐదింటికి దిగిపోవచ్చు. చిన్న వాన పడితే ఏమవుతుంది, జాకెట్ వేసుకుంటాం.

అరోరా_శ్రీను
సురేష్, జులైలో ఆ మాట అనొద్దు బ్రో. పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంటుంది, మధ్యాహ్నానికి మబ్బు పట్టి ఉరుములు, పిడుగులు, ఒక్కోసారి వడగళ్ళు. జులై, ఆగస్టుల్లో ఇది దాదాపు రోజూ జరిగే తంతు. జాకెట్ వానని ఆపుతుంది, పిడుగుని ఆపదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, నాలుగేళ్ళ పిల్ల, తడిసిన రాతి మెట్లు, పరుగెత్తడం కుదరని చోట ఆ రిస్క్ ఎందుకు. పొద్దున ఏడింటికల్లా నడక మొదలుపెడితే పన్నెండు లోపు కారు దగ్గరుంటారు.

కోపెల్_సురేష్
సరే అన్నా, సెప్టెంబర్లో వెళ్ళా కాబట్టి నాకు వాన తగల్లేదు. జులై సంగతి మీకు తెలుసు.

తెనాలి_టిఫిన్స్
అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. తిండి ఏం పట్టుకెళ్తున్నారు?

ఫ్రిస్కో_మాధవి
అమ్మ అప్పుడే లిస్టు రాసేసింది. పులిహోర, చపాతీ రోల్స్, పాపకి పెరుగన్నం.

తెనాలి_టిఫిన్స్
పులిహోర పొట్లం విప్పారంటే చిప్‌మంకులు, అదే అక్కడి చారల ఉడుతలు, పిలవని చుట్టాల్లా దిగిపోతాయి. ఒళ్ళోకి ఎక్కుతాయి. మా వాడి చేతిలో అప్పడం ముక్క లాక్కుని బండ కింద దూరింది ఒకటి, వాడు ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడిపోయాడు.

బౌల్డర్_బాబాయ్
ముద్దొస్తాయని ఒక్క మెతుకు కూడా పెట్టకండి. పార్కులో జంతువులకి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. మనుషుల తిండికి అలవాటు పడితే చలికాలానికి సొంతంగా దాచుకోవడం మానేస్తాయి, పైగా కరుస్తాయి. పులిహోరలో పల్లీలు, కరివేపాకు కింద పడితే ఏరి సంచిలో వేసుకోండి, నారింజ తొక్కలు కూడా. పెద్ద జంతువులు కనిపిస్తే, ఎల్క్, మూస్ అని పెద్ద జింక జాతివి, ఎల్క్ దగ్గర 75 అడుగులు, మూస్ దగ్గర 120 అడుగులు ఎడం ఉండాలి. ఫొటో కోసం పిల్లల్ని ముందుకు నిలబెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇర్వింగ్_లలిత
పాప విషయం. నాలుగేళ్ళ పిల్లలు వెళ్ళేటప్పుడు ఉరకలు, తిరిగి వచ్చేటప్పుడు ఎత్తుకో అంటారు. ఈ మెట్ల మీద స్ట్రాలర్ పనికిరాదు. వీపుకి తగిలించుకునే క్యారియర్ ఎస్టెస్ పార్కులో అద్దెకి దొరుకుతుంది. బాబుకేమో జూనియర్ రేంజర్ పుస్తకం ఇప్పించండి, పార్కు విజిటర్ సెంటర్లో ఇస్తారు. అందులో పనులు పూర్తి చేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. మా అమ్మాయి దాని కోసం దారంతా పక్షుల్ని వెతుక్కుంటూ నడిచింది, తలమీద జుట్టు ఎగదువ్వినట్టుండే నీలం పక్షి, స్టెల్లర్స్ జే, కనిపిస్తే చాలు ఆగిపోయేది. ఇంకెంత దూరం అని ఒక్కసారి అడగలేదు.

విజయవాడ_విహారి
డ్రీమ్ లేక్ కొంచెం ముందు ఎడమకి ఒక దారి చీలుతుంది, హయాహా లేక్‌కి. 2022 జూన్‌లో పైన కేయాస్ కెన్యన్‌లో కొండచరియ విరిగిపడింది, ఆ రాతి పిండి నీళ్ళలో కలిసి సరస్సు రంగే పాలు కలిసిన నీలి ఆకుపచ్చగా మారిపోయింది. చూసి తీరాలి.

అరోరా_శ్రీను
చూడాల్సిందే, కానీ మాధవి గారి బృందంతో కాదు. చివర్లో పెద్ద పెద్ద బండల మీద చేతులు ఆనించి ఎక్కాలి.

ప్లేనో_పవన్
డబ్బుల సంగతి ఒకటి. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళు 16 ఏళ్ళు నిండితే తలకి 100 డాలర్లు అదనంగా కట్టాల్సిన పార్కులు 11 ఉన్నాయి, రాకీ మౌంటెన్ అందులో ఒకటి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది తగులుతుంది. 250 డాలర్ల నాన్ రెసిడెంట్ పాస్ వేరే ఉంది. ఎల్లోస్టోన్, గ్రాండ్ కెన్యన్ కూడా చూపించే ఆలోచన ఉంటే లెక్క వేసుకోండి. ఏ పాస్ ఎవరెవరికి వర్తిస్తుందో పార్కు సైటులో చదివాకే కొనండి.

వరంగల్_వాణి
ఇద్దరికీ రెండు వందలా! ఈ మాట మామయ్యకి తెలిస్తే కారు దిగి ఇంటికి నడిచిపోతాడు. ముందే కట్టేసి ఆయనకి చెప్పకుండా ఉండటమే మంచిది.

ఫ్రిస్కో_మాధవి
నాన్నా అంతే 😀 చెప్పను. పాపం వాళ్ళు ఇంత దూరం వచ్చారు, దీని దగ్గర లెక్కలు చూసుకోలేను. డెన్వర్‌లో ఒక రాత్రి, ఎస్టెస్ పార్కులో మూడు రాత్రులు బుక్ చేశాం. స్ప్రాగ్ రెండో రోజుకి పెట్టాను, మూడో రోజు పొద్దున బేర్ లేక్. స్ప్రాగ్ దగ్గర ఎవరికి తల పట్టేసినా మూడో రోజు కూడా అక్కడే కూర్చుంటాం. నాన్న డాక్టరుతో వీడియో కాల్ రేపు. ఒక్కటే డౌటు, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు కూడా అదే రోజు మధ్యాహ్నం పెట్టుకోవచ్చా? కారులోనే కదా.

కర్నూలు_డాక్టరమ్మ
అదే రోజు వద్దు. ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా వెళ్తుంది. ఎక్కేది కారే, కానీ ఊపిరి పీల్చేది మీరే. మాకు తెలిసినవాళ్ళు విమానం దిగి నేరుగా అక్కడికి వెళ్ళారు, పెద్దాయన పైన కారు దిగలేకపోయారు, కిందికి వచ్చేదాకా వాంతులు. నాలుగో రోజు పొద్దున పెట్టుకోండి, అప్పటికి ఒళ్ళు కుదుటపడుతుంది. పైన ఎక్కువసేపు ఆగొద్దు.

మిస్సోరి_మురళి
మేం జులైలో కుదరక సెప్టెంబర్ చివర్లో వెళ్తున్నాం, పిల్లలు 6, 11. పైన చెప్పినవే వర్తిస్తాయా?

బౌల్డర్_బాబాయ్
ఎత్తు, టికెట్టు అవే. పిడుగుల బెడద తగ్గుతుంది, కలువలుండవు, ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, నింఫ్ దారిలోనే కనిపిస్తాయి. సాయంత్రం మొరెయిన్ పార్క్ పచ్చికలో ఎల్క్ మగవి అరుస్తుంటాయి, రోడ్డు పక్క కారులోంచే వినొచ్చు. ఆ నెలలో అవి కోపం మీదుంటాయి, పిల్లల్ని దిగనివ్వకండి. పొద్దున గడ్డకట్టే చలి, మంచు కూడా పడొచ్చు. చేతి తొడుగులు, టోపీలు తప్పనిసరి. డ్రీమ్ దగ్గర రాళ్ళ మీద మంచు పేరుకుందని రేంజర్లు చెప్తే ఎస్టెస్ పార్కులో బూట్లకి తొడిగే మైక్రోస్పైక్స్ అద్దెకి తీసుకోండి, ఆరేళ్ళ వాడి సైజు ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.